బకెట్టు మూల

మెర్రింగల్ బాస్కెట్‌బాల్ సంఘానికి డెబ్భై ఏళ్లు నిండుతున్నాయని
చరిత్ర రాసే పని నా నెత్తిన పెట్టారు.
ముప్ఫై ఏళ్లుగా స్కోరు బల్ల దగ్గర కూర్చునేదాన్ని,
కూడికలు తప్ప నాకేం తెలుసు?

మూడు మినిట్స్ పుస్తకాలు,
బిస్కెట్ల డబ్బా నిండా రసీదులు,
ఎలుకలు అంచులు కొరికిన స్కోరు పుస్తకాలు పదకొండు.
అంతే మా పురాణం.

మొదటి పేజీలో ఉన్ని గోదాము.
బేళ్లు రైలెక్కిపోయాక వారానికి రెండు రాత్రులు ఆడుకోవచ్చని
యజమాని సంతకం.
గొర్రెకొవ్వు పీల్చిన చెక్కనేల మీద పరుగెత్తితే
ఆగాలనుకున్న చోటికి రెండడుగులు అవతల ఆగేవాళ్లట.
నేర్పినవాడు రైలు పట్టాల పనికి వచ్చిన లాత్వియా మనిషి,
ఆర్వీడ్స్ జెమీటిస్.
‘ఇక్కడ’, ‘అక్కడ’, ‘మళ్లీ’
ఈ మూడు మాటలతోనే బతిమాలి, కసిరి, జట్టు కట్టాడు.
బండి చక్రాల ఇనప పట్టీలు వంచి రింగులు చేశాడు.
ఒకటి అర అంగుళం చిన్నది.
మా వాళ్లకి గురి ఎక్కువని పైఊళ్లలో అనుకోవడం
దాని పుణ్యమే.

రెండో పేజీ నుంచీ కప్పు కారుతూనే ఉంది.
“కప్పు కారుతోంది. బకెట్టు పెట్టాలని తీర్మానం.”
నలభై ఒక్క ఏళ్లు అదే తీర్మానం,
చేతిరాత ఒక్కటే మారుతూ.
కోర్టు ఎడమ మూలలో బకెట్టు.
బంతి దానికి తగిలితే ఎదుటి జట్టుదని మా సొంత రూలు.
వచ్చిన జట్లన్నీ నవ్వేవి,
నవ్వుతూ నవ్వుతూ దానికే తట్టుకుని పడేవి.

కప్పు కారే ఊరికి
అరవై ఒకటిలో జిల్లా కప్పు వచ్చింది.
అక్కడే నా పెన్ను ఆగింది.

ఫొటోలో ఎనిమిది మంది ఆడపిల్లలు.
కింద ఏడు పేర్లు.
మినిట్స్‌లో: “గెలిచిన జట్టుకు హోటల్లో విందు. ఏడు ప్లేట్లు.”
స్కోరు పుస్తకం తీశాను.
ఫైనల్లో మావి ముప్ఫై ఏడు పాయింట్లు,
అందులో ఇరవై రెండు తొమ్మిదో నంబరువి.
పేరు రాయాల్సిన గడి ఖాళీ.

ఆసుపత్రి వెనక వృద్ధాశ్రమంలో మెర్ల్ ట్రెగెంజా,
ఫొటోలో ఎడమ నుంచి మూడో పిల్ల,
కాసేపు నీళ్లు నమిలింది.
టీ చల్లారాక అంది:
“ఎల్వా. నది అవతలి గుడిసెల పిల్ల.
నల్లవాళ్లకి ప్రవేశం లేదన్నాడు హోటలువాడు.
గుమ్మం దగ్గరే నిలబడిపోయింది.
మేం లోపలికెళ్లి తిన్నాం.”
ఆగింది.
“మాంసం బాగుంది కూడా.”

ఇంటిపేరు?
“ఎవరం అడగలేదమ్మా.”

నది దాటి వెళ్లాను.
స్కూలు బస్సు నడిపే ఆయన ఇంజన్ ఆపకుండానే విన్నాడు,
తర్వాత ఆపాడు.
“మా అత్త. ఎల్వా పెటిఫర్.
ఎడమచేత్తో వేసేది, ఎప్పుడూ బకెట్టు మూల నుంచే.
తడికి జడిసి అక్కడ కాపలాకి ఎవరూ రారు కదా.”
నవ్వాడు. నేను నవ్వలేకపోయాను.

డెబ్భై ఏళ్ల సంబరంలో ఇదెందుకు తవ్వడం,
తిలాపాపం తలా పిడికెడు,
ఆనాటివాళ్లు సగం మంది పోయారు కదా
అని మా అధ్యక్షుడు.
నిజమే, పోయారు.

రిఫరీ సంతకం పడ్డాక స్కోరు షీటు ముట్టుకోకూడదు.
ముప్ఫై ఏళ్లలో మొదటిసారి ముట్టుకున్నాను.
పెన్సిలు అంకెల పక్కన, సిరాతో,
గడి చాలక పక్కగడిలోకి పాకిన పేరు.
తర్వాత జమాఖర్చుల పుస్తకం తీసి
అరవై ఒకటి, విందు పద్దు కింద రాశాను:
ఎనిమిదో ప్లేటు. బాకీ.

కప్పు బాగయి చాలా ఏళ్లయింది, చుక్క పడదు.
ఆ మూలలో చెక్క మాత్రం గుండ్రంగా నల్లబడి ఉంది.
నిన్న సాయంత్రం ఒక పదేళ్ల పిల్ల సరిగ్గా దాని మీద నిలబడి
వేసింది, తప్పింది, మళ్లీ వేసింది.

చరిత్ర ఎంతవరకు వచ్చిందని అధ్యక్షుడు ఫోన్ చేశాడు.
కూడిక ఇంకా తేలలేదన్నాను.