గాలి చూసి

కోఠిల, దోమల బ్యాట్లకూ మొబైల్ కవర్లకూ నడుమ
గజం వెడల్పు దుకాణం.
అద్దాల పెట్టెల వరుసగా పండబెట్టిన సీసాలు,
చిన్నపిల్లల దగ్గు మందంత.

"గిఫ్టా మేడం?" అన్నడు పిల్లగాడు.
కాదు, నాకే.
నాకే అనేటప్పుడు గొంతు ఎందుకో తగ్గింది,
మందుల షాపుల ప్యాడ్లు అడిగినప్పటి లెక్క.

గులాబి రంగుది తీసిండు, లేడీస్ ఇదే తీస్కుంటరని.
లిప్‌స్టిక్ లెక్క ఉన్నది తీసిండు.
టార్చి లెక్క ఉన్నదాన్ని నొక్కితే
నీలి మెరుపు టపటపమన్నది.
పక్కన చార్జరు బేరమాడే ఆయన రెండడుగులు జరిగిండు.
నాకు నవ్వొచ్చింది. వారం దినాల్ల మొదటి నవ్వు.

వారం కింద ఏం కాలేదు.
అందరికీ అదే చెప్పిన, ఏం కాలేదని.

నేను రక్తం తీసే మనిషిని. పొద్దుగాల ఐదింటికి
తెల్వనోళ్ల ఇండ్ల బెల్లు కొడత,
పరగడుపు చేతులు పట్టుకుని నరం వెతుకుత.
నిజాంపేటల ఒక అపార్ట్‌మెంటు. లిఫ్టుల
మూడో అంతస్తు దగ్గర ఒకడు ఎక్కి
తలుపుకూ నాకూ నడుమ నిలవడ్డడు.
బటన్ నొక్కలేదు.
నా దిక్కే చూసుకుంట నిలవడ్డడు, అంతే.
ఐదో అంతస్తుల తలుపు దానంతటదే తెరుచుకుంది.

బ్యాగుల నలభై సూదులున్నయి అప్పుడు.
ఒక్కటి గూడ యాదికి రాలేదు.
చీమ కుట్టినట్టు ఉంటది, అంతే, అని చెప్పి చెప్పి
వాటికి భయపెట్టుడు నేర్పలేదు నేను.

గల్లా కాడ కూసున్న ముసలాయన, ఇఫ్తికార్ సాబ్ అంటున్నరు,
లెక్కల పుస్తకం మూసి, అద్దాలు నుదిటి మీదికి జరిపి
నల్లది నా చేతిల పెట్టిండు.
"పహెలీ బార్?"
తల ఊపిన.
బొటనవేలు ఇక్కడ. ఇట్ల తిప్పితే తాళం ఊడుతది.
మూడు మీటర్లు పోతది. కండ్లకు కొట్టాలె, కొట్టి ఉరకాలె,
నిలవడి చూడొద్దు.
"ఔర్ బేటీ, హవా దేఖ్ కే మార్నా.
హవా కిసీ కీ నై హోతీ."

మూడు వందల నలభై.
కొత్తిమీర కట్టకు రూపాయి తగ్గించమనే నేను
మారు మాట్లాడకుండ ఫోన్ తీసి స్కాన్ చేసిన.
అడుగున చిన్న అచ్చు: రెండేండ్లు పనిజేస్తది.
ఆ తర్వాత పాడయ్యేది మందొక్కటేనా
భయం గూడనా, రాయలేదు.

బోరబండల మా బిల్డింగు మీద, నీళ్ల ట్యాంకుల సందుల
ఒక్కసారి కొట్టి చూద్దామని ఎక్కిన.
గోడకు కొట్టిన. గాలి చూడలేదు.
కండ్లు, ముక్కు, గొంతు,
ఏది ఎక్కడుందో తెల్వకుండ పోయింది కాసేపు.
కింద రెండో అంతస్తుల మణెమ్మత్త
దగ్గుకుంట అరుస్తుంది:
"పోపు మాడవెట్టింది ఎవలే!"

ట్యాంకుకు ఒరిగి ఏడుసుకుంట నవ్విన.
చిన్నప్పుడు నాయనమ్మ ఎండుమిరపకాయలు
నా తల చుట్టు తిప్పి పొయ్యిల ఏసేది.
ఘాటు రాకుంటే, అమ్మో, పెద్ద దిష్టే తాకింది బిడ్డకు, అనేది.
నాకు తిప్పినప్పుడు ఎన్నడన్న ఘాటొచ్చినట్టు యాదికి లేదు.
తాకింది కండ్లయితే
మిరపకాయలు నిప్పుల ఎందుకేస్తవని
అప్పుడు అడగలేదు.

తెల్లారి ఐదుంబావుకు మళ్ల అదే అపార్ట్‌మెంటు,
ఐదో అంతస్తు, షుగర్ పేషెంటు.
మెట్లెక్కుదామనుకున్న, బ్యాగు బరువు.
దూది, స్పిరిట్, రబ్బరు పట్టీ, పక్క జేబుల నల్లది.
తలుపు మూసుకుంటుంటే చెయ్యి అడ్డం పెట్టి
పాల పాకెట్లతోని ఒకాయన ఎక్కిండు. వాడు కాదు, వేరేటాయన.
మూలకు జరిగి, నంబర్లు చూసుకుంట నిలవడ్డడు.
మంచోడే కావొచ్చు. మంచోడే.
నా బొటనవేలు మాత్రం అప్పటికే తాళం తిప్పింది.

ఆ ముసలాయన మాట యాదికొచ్చి
చూసిన.
లిఫ్టుల గాలి ఉండదు.
కొడితే ఇద్దరం ఏడుస్తం.