శెనక్కాయల పంచాయితీ

శుక్రవారం. దివానియాలో మొగోళ్ల భోజనాలయినాయి.
మచ్‌బూస్ తపేలాలు తోమి, నేల తుడిచి,
మూడుగంటల పొద్దుకి జహ్రాలో ఆ వంటింట్లో ముగ్గురం మిగిలినాం:
బాండుంగ్ ఇమాస్, మదియున్ తుమీరా,
చిన్నమండెం నేను.

రోలు ముందర ఇమాస్ కూచుంది.
ఎవురో ఇంటికి పోతా పోతా
దినారున్నరకి అమ్మిపోయిన రోలది.
మా రోలంత లోతు లేదు,
పళ్లెం మాదిరి పరుచుకోనుంటాది.
వేయించిన శెనక్కాయలు, ఎండుమిరప, బెల్లం, చింతపండు.
ఇంతవరకూ తగువు లేదు.

"బీన్సు పచ్చివే వెయ్యాల," అనె ఇమాస్.
"దోసకాయ పచ్చిది, క్యాబేజి పచ్చిది,
బుడ్డ వంకాయ గూడా పచ్చిదే. కరెడోక్ అంటే అది."
"పచ్చిది మేకలు తింటాయి," అనె తుమీరా.
"ఉడకేసి, నీళ్లు పిండి, పైన పొయ్యాల. పెచెల్ అంటే ఇది."

ఉడకేస్తే లోటెక్ కదా అని నోరు జారితి.
ఇద్దరూ నా మీదికి లేసిరి.
లోటెక్ అయితే కూరాకులు రోట్లోనే పొర్లాడాలంట.
పెచెల్ కారం ముందే దంచి, ముద్దగట్టి, డబ్బాలో దాచి,
ఆకలైన పూట వేన్నీళ్లతో లేపాలంట.
"మరి గాడో గాడో?" అంటి.
"అది జకార్తావోళ్లది. కొబ్బరిపాలు, గుడ్డు, అంతా షోకు!"
ఆ ఒక్క మాట కాడ మాత్రం ఇద్దరూ ఒకటైరి.

మా ముగ్గురికీ ఉండేది ఇంటిపని అరబ్బీ.
తే. తుడువు. బిన్నా కానీ.
ఆ మాటల్తోనే తగువులాడుకోవాల,
ఆ మాటల్తోనే రుచి చెప్పుకోవాల.
కమ్మన అనే మాట మాకెవురూ నేర్పలా.
తుమీరా బొటనవేలు చూపుడువేలు కలిపి రుద్దుతాది,
ఇమాస్ కండ్లు మూసి తెరుస్తాది.
నాకు తెలిసిపోతాది.

అప్పుడు తుమీరా చీటిగుడ్డ ముడి విప్పింది.
చెల్లెలు పంపిన ఎండు దుంప, గోరంత.
"కెంచూర్. ఇది లేకుంటే నీదీ లేదు, నాదీ లేదు."
ముక్కుకాడ పెట్టుకుంటి.
ఓయమ్మ, కచ్చూరాలు!
మా జేజి సున్నిపిండిలో దంచి కలిపే కచ్చూరాలు!
ఒంటికి పూసుకునేదాన్ని మీరు కూట్లోకి తింటారా అని
మోచేతికి రుద్ది, నీళ్లు పోసుకున్నట్టు చేసి చూపిస్తి.
ఇమాస్ పచ్చడిబండ పక్కన పెట్టి నవ్వింది,
తుమీరా గోడకి ఆనుకోని నవ్వింది,
సున్నిపిండి సున్నిపిండి అని
నోరు తిరక్కుండానే పదిసార్లు అనింది.

నా వంతుకి ఊరుబిండి నూరితి.
శెనక్కాయలు మెదగ్గూడదు, పలుకు తగలాల.
కూరాకు లేదు, సంగటి ముద్దకి నంజుకునేదే.
రెండు వానలు ఎగ్గొడితే ఎకరా చేను
ఎంత అప్పు కాస్తాదో
అదొకటి చెప్పలా వాళ్లకి. అడగలా వాళ్లు.

ఫోను వైరు కోసం మామా వచ్చింది.
మూడు గిన్నెల్లో మూడుసార్లు వేలు ముంచి నాకి,
"కుల్లూ నఫ్సుషే" అనింది. అంతా ఒకటే.
తలుపుకాడ తిరిగి,
తుమీరాని చూసి "ఇమాస్, చాయ్" అనింది.
తుమీరా లేసిపోయింది.
తొమ్మిదేండ్లుగా ఆ పేరుకి లేస్తానే ఉండాది,
ఇమాస్ వచ్చి నాలుగేండ్లే.
అంతకుముందు ఇంకో ఇమాస్ ఉండిందంట.

చాయ్ ఇచ్చి వచ్చేసరికి చట్నీ గట్టిపడింది.
ఇమాస్ ఏం మాట్లాడలా.
పొయ్యి ముట్టించి,
సగం బీన్సు ఉడకేసింది.
కాగిన నీళ్లు గరిటెడు
తుమీరా గిన్నెలో పోసి, నెమ్మదిగా కలిపింది.
"పలుచన చేసినావు," అనె తుమీరా,
తింటా.

రోలు కడిగే వంతు నాది.
రెండుసార్లు సబ్బేసినా వాసన పోలా.
ఆ రాత్రి మిద్దెమీది గదిలో నా చేతులు
తలకి పోసుకున్న పండగ పూట మాదిరి ఉన్నాయి.
దుప్పట్లోకి తీసుకోని పడుకుంటి.