ఎ అర

మట్టెవాడల మా నాయిన పనిచేసిన ట్రెడిల్ ప్రెస్సు
పెండ్లికార్డులకు, బీడీ లేబుళ్లకు పేరువడ్డది.
పిల్లల పుస్తకం అచ్చేసింది ఒక్కటే,
అదీ జాతర ముందు, పనిలేని పది రోజులల్ల.

రాసింది తిరునగరి సారు.
సైకిల్ క్యారేజీ మీద చేతిరాత కాగితాలు,
ఎగిరిపోకుంట వాటి మీద ఒక ఆనిగెపుకాయ.
సగం పైసలు ఇప్పుడు, సగం అమ్ముడువోయినంక.
అట్లయితే కొత్త కాగితం ఇయ్యనన్నడు యజమాని.
లేబుళ్లు కోయంగ మిగిలిన గులాబిరంగు ముక్కలున్నయి,
వాటి కొలతకే కథను కుదించుకొమ్మన్నడు.
అట్లయింది పదహారు పేజీలు, అరచెయ్యంత పుస్తకం.

కథల ఒక పిల్ల. దానికి నోరు ఆగదు.
ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు, ఎట్ల?
ఎనిమిది పేజీలు ఒక్కసారే బిగియాలె,
ఐదో పేజీకే ఎ అర ఖాళీ.
ఆరో పేజీల ఎలుగుబంటి నిలవడి చూస్తున్నది.

"సారూ, ఎ లేదు. గుడ్డేలుగు అని పెడుదునా?
మన దిక్కు అట్లనే అంటరు గద."
సారు కండ్లద్దాలు తుడుసుకున్నడు.
పుస్తకంల అసొంటి మాట ఉండొద్దని
ఆయనకు చిన్నప్పుడే చెప్పిండ్రు, బెత్తంతోని.
శానాసేపటికి, "పెట్టు" అన్నడు.

గుడ్డేలుగు వచ్చినంక దాని ఎంబడే
మక్కకంకి వచ్చింది, అంగడికి పోయిన అవ్వ వచ్చింది,
తొవ్వ వచ్చింది.
సారు ప్రూఫుల ఒకటి రెండు కొట్టేసిండు.
నాయిన చూడనట్టే ఉన్నడు.

నేను మడతలు పెట్టేదాన్ని,
అమ్మ బీడీకట్టల దారంతోనే కుట్టేది.
సీసం అక్షరాలు తిర్లమర్ల ఉంటయి,
నేను ముందుగాల నేర్చుకున్నయి అవే.
బడిల పలక మీద అట్లనే రాస్తే
టీచరమ్మ చెవి మెలివెట్టింది.

మేడారం తొవ్వల, బెల్లం దుకాణం పక్కన
గోనెపట్టా పరిచినం. ఒక్కోటి పావలా.
కొన్నోళ్లకన్న తిరగేసి పెట్టినోళ్లే ఎక్కువ.
నేను పైకి చదువుతుంటే ఒక అవ్వ ఆగింది,
నెత్తిమీద మూట దించకుంటనే.
"గుడ్డేలుగు అన్నవా? పుస్తకంల ఉన్నదా?
ఏదీ, మల్ల సదువు."
మూడుసార్లు చదివిచ్చుకొని,
చదువు రాకున్నా కొనుక్కపోయింది.

రెండు వందలల్ల నూటానలభై తిరిగొచ్చినయి.
కొన్ని చెదలకు, కొన్ని పల్లీల పొట్లాలకు.
నా దగ్గర ఒక్కటి లేదు.

ఆఫ్‌సెట్ వచ్చినంక సీసాన్ని కిలోల లెక్క అమ్మిండ్రు.
అరలు దులుపంగ, నాయిన కూసునే స్టూలు కింద
తుప్పువట్టిన బీడీల డబ్బ.
రాయితోని కొడితే మూత ఊడింది.
లోపల అన్నీ ఎలే.
కొత్తయి. సిరా అంటనియి.

అప్పటికి నాయిన పోయి నాలుగేండ్లు.
తూకమేసేటాయన జల్ది జల్ది అంటుండు.
ఒక్కటి తీసి కొంగున ముడేసుకున్న,
మిగిలినయి తక్కెట్ల పోసిన.
ముప్పావు కిలో.