రెండో గొడుగు

బరంపురం గిరి రోడ్డులో నా బోర్డు మీద
తెలుగు ఒక వరస, ఒడియా ఒక వరస:
గొడుగులు బాగుచేయబడును.
మబ్బు పట్టిన మధ్యాహ్నం తారిణి వచ్చింది,
చీటీ పాడిన డబ్బు చేతిసంచిలో,
చూపుడువేలు ఫోనులో.
"మౌసా, మూడున్నాయి. ఏది కొనుక్కోను?"

ఎర్రది చిన్నది, ఒడుపైనది,
గాలిని అడ్డంగా కోసేది.
నీలంది వెడల్పు, కొంచెం మందకొడి.
మూడోది సగం ధర, సగం వయసు దాచినది.
వేలు ఎర్రదాని మీదే ఆగింది.

గుంటా, రంగు కింద నిలబడి చూసేవాళ్ళకి.
నీకు కావలసింది గుడ్డ.
ఎంత బరువు నువ్వు? యాభై ఎనిమిదా?
బూట్లు కలుపు, హెల్మెట్టు కలుపు, మూట కలుపు,
పొద్దున తిన్న చకులి పీఠా కూడా కలుపు.
ఎన్నిసార్లు దూకావు?
ముప్పై ఒకటి.
ఎర్రది ఐదువందలసార్లు దూకినవాళ్ళది.
నేల దగ్గర అది నీ చేతిని వింటుంది,
చెయ్యి తప్పు చెప్పినా వింటుంది.

ఈ మూడోవాడు పెద్ద గొడుగుకి పదకొండు ఫోటోలు పెట్టాడు,
మూటలో పడుకున్న రెండోదానికి ఒక్కటీ లేదు.
అదడుగు. దాని చీటీ అడుగు:
ఎప్పుడు విప్పారు, ఎవరు మడిచారు,
సంతకం చదవడానికి వీలుగా ఉందా.
భుజం మీద మూడు రింగులు, ఒకదాని నడుములో ఒకటి,
వేలాడే నీ బరువంతా
చివరికి ఒక దారం ఉంగరం దగ్గర పిడికెడవుతుంది.
ఆ దారం నలిగిందా, నూలు లేచిందా,
ఫోటోలో కనపడదు. వెళ్ళి గోటితో గీకి చూడు.

ఇంక ఆ చిన్న పెట్టె.
నీకు తెలివి తప్పినా దానికి ఎత్తు తెలుస్తుంది,
నువ్వు లాగకపోతే అదే తెంపుతుంది.
దాని ఆయువు ఏ సంవత్సరంతో తీరుతుందో
దాని ఒంటి మీదే రాసుంటుంది,
మనకి లేని సదుపాయం.

లెక్క వేసింది. నీలందీ పెట్టే కలిపితే
ముప్పై ఎనిమిది వేలు తక్కువ.
"పెట్టె తర్వాత కొంటాను. అందాకా నేను చూసుకుంటాను."

ఫైలిన్ వచ్చే సాయంత్రం మా నాన్న కూడా
రేకు మేకుల గురించి ఆ మాటే అన్నాడు.
రేకు మర్నాడు రంగేయిలుండ దారిలో దొరికింది.

ఇది మాత్రం ఆమెకి చెప్పాలనుకోలేదు:
ఆగ్రాలో పదకొండేళ్ళు మడతలే నా ఉద్యోగం.
పొడుగు బల్ల, సాయంత్రం పనిముట్ల లెక్క.
ఒకనాడు ఒక పిన్ను తక్కువ.
ఆ రోజు నా చేతి మీదుగా పద్నాలుగు మూటలు పోయాయి.
పద్నాలుగూ విప్పారు, రాత్రంతా, ఒక్క మాట లేకుండా.
తెల్లారి దొరికింది,
నా చొక్కా చేతిమడతలో.
హవల్దార్ మింజ్ టీ తెచ్చిచ్చాడు.
అందులో చక్కెర ఎక్కువ.

"అయితే మీరే మడిచి ఇవ్వండి మౌసా."
ఇవ్వను.
సూదిలో దారానికి పక్కకొట్టు కుర్రాణ్ణి పిలుస్తున్నానిప్పుడు.
లైసెన్సున్న వాడి దగ్గరికి పో,
పక్కన నిలబడు, విసుక్కున్నా కదలకు,
చివర్లో అడుగు: పిన్నులెన్ని?

చాలాసేపు కడ్డీల డబ్బా వైపు చూసింది.
"ఇంకో చీటీ తీరేదాకా అద్దెవే వాడతాను," అంది,
సంతోషంగా అనలేదు.
"మీరెప్పుడూ దూకలేదా?"
చినుకు మొదలైంది. రేకు మోతలో వినపడనట్టు
తీసుకుపోనివాళ్ళ గొడుగుల్లోంచి ఒకటి ఏరాను,
కొట్టులోనే తెరిచాను, మూశాను, మళ్ళీ తెరిచాను.
లోపల తెరవకూడదంటారు.
నేను బయట తెరిచి ఎరగను.

మెట్టు మీద ఆమె తెరిచింది.
ఎనిమిది కడ్డీలూ నిలబడ్డాయి.
అయినా వెనక్కి తిరిగి చెయ్యి చాచింది,
ఇంకొకటి.