తొంభై రెండు కిలోలు

నేను కాటా దగ్గర కూచునే మనిషిని.
మకాయె తీరానికి నూట ఇరవై కిలోమీటర్ల అవతల,
నీళ్లలో నాలుగు కాళ్ల మీద నిలబడ్డ ఇనప ఊళ్లో
ఇంటికి వెళ్లేవాళ్లని ఒక్కొక్కరినే తూస్తాను,
బూట్లతో సహా, జేబులో తాళంచెవులతో సహా.
అంకె కాగితం మీద వేస్తాను.
పదకొండేళ్లలో పైకి చదివింది లేదు.

ఆ ఫిబ్రవరి మధ్యాహ్నం
సముద్రం నూనె రాసి తుడిచినట్టుంది.
డెక్కు మూల గాలిసంచీ
కర్రకి అతుక్కుని తడి చొక్కాలా వేలాడుతోంది.
"ఎంత మంచి రోజు, కుదుపులుండవు" అనుకుంటూ
పన్నెండుమంది లైఫ్ జాకెట్లు తొడుక్కుంటున్నారు.
రోటర్లు ఆపి కిందికి దిగిన
కెప్టెన్ దల్వా క్విన్తనిల్యా మాత్రం
ముందుగా ఆ సంచీ వంకే చూసింది,
అప్పిచ్చినవాడు తాళం పడ్డ గుమ్మాన్ని చూసినట్టు.

ప్రయాణికులు భయపడే గాలి కోసమే
పైలట్లు కాచుకుని ఉంటారని
ఇక్కడికొచ్చాకే నాకు తెలిసింది.
ఎదురుగాలి వీస్తే
లేపే పనిలో కొంత అదే చేసిపెడుతుంది, కూలి అడక్కుండా.
ఈ ఎండకి పల్చబడిన గాలి మాత్రం నీళ్ల పులుసు.
రెక్కలెంత కలియబెట్టినా ముక్క తగలదు.

రెండు ఇంజన్లు, ఒకటాగితే రెండోది మోస్తుంది.
ఎక్కేముందు అందరికీ చెప్పే మాట ఇది.
అబద్ధం కాదు.
కానీ నెత్తిన మూటున్నవాణ్ణి అడిగి చూడండి,
నడకే నయం, నిలబడటమే చావు అంటాడు.
ఒంటి ఇంజనూ అంతే,
పరుగు మీదుంటే ఒడ్డుకి చేరుస్తుంది,
ఉన్నచోట నిలబెడితే కూలబడుతుంది.
డెక్కు వదిలి, అంచు దాటి,
ముక్కు వంచి వేగం అందుకునేలోపు
కొన్ని సెకన్లు ఎవరి చేతిలోనూ ఉండవు.
రెండా, మూడా, అసలు లేకుండా చెయ్యొచ్చా,
దల్వా మోకాలి మీది కాగితంలో
పెన్సిలు వెతుకుతున్నది అదే.

"తొంభై కిలోలు దించాలి" అంది.
ఇంధనంలో చుక్క తగ్గించనంది.
గాలిని నేను పెంచలేను కదా అంది.

జాబితాలో చివరి పేరు జెనివాల్దో, వెల్డరు.
ఆ రాత్రి వాళ్ల వీధి డొమినో పోటీ ఫైనలు.
జోడీ ఒతసీలియో ఒక్కడూ ఆడలేడు.
కేక పెట్టాడు:
"ఇన్నేళ్ల నీ సర్వీసులో
ఒక్కసారైనా ఆగిందా ఇంజను?"

"లేదు" అంది దల్వా.

తర్వాతి మాట కోసం అతను కాసేపు నిలబడ్డాడు.
రాలేదు.

పదకొండుమందితో లేచింది హెలికాప్టరు.
అలవాటుగా నేను లోపల్లోపల లెక్కపెట్టాను.
ఒకటి. ఆకుపచ్చ డెక్కు మీంచి చక్రాలు తేలాయి.
రెండు. అంచు. కింద ఒట్టి నీలం.
మూడు అనేలోపే
తోక ఎత్తి, పరుగందుకుని, చిన్నదైపోయింది.
ఏమీ జరగలేదు.
ఏమీ జరగకుండా ఉండటానికి
ఒక మనిషి ఇనప మెట్ల మీద కూచుని
బూట్ల లేసులు విప్పుకుంటున్నాడు.

రాత్రి తొమ్మిదింటికి గాలి వచ్చింది.
దీపం కింద సంచీ బిర్రుగా చెయ్యి చాచింది.
జెనివాల్దో బయటికొచ్చి దాన్ని చూసి
ఇక్కడ రాయలేని మాటొకటి అన్నాడు.
ఒతసీలియో ఓడిపోయిన కబురు
అప్పటికే ఫోన్లో వచ్చేసింది.

తెల్లారి మళ్లీ కాటా ఎక్కాడు.
ఎదురుగాలి పద్దెనిమిది నాట్స్,
ఎవరినీ దించక్కర్లేదు.
"ఎంతుంది?" అన్నాడు, కిందికి చూడకుండా.
కోపంతో రాత్రి భోజనం మానేశాడని
వంటవాడు చెప్పనే చెప్పాడు.

"తొంభై ఒకటీ రెండొందలు" అని
పైకి చదివాను.