మరమ్మతు

గుణదల కొండ మీద
డెబ్బై మూడో మెట్టు దగ్గర ఎడమకి తిరిగితే
మరియమణి ఇల్లు.
మెట్లు లెక్కపెట్టడం నా ఉద్యోగంలో లేదు,
ఊపిరి అందక లెక్కపెట్టాను.

వార్డు ప్లానింగ్ కార్యదర్శిని.
చేతిలో టేపు,
సంచిలో రెండు గళ్ళున్న ఫారం.
మరమ్మతు అయితే ఇటు టిక్కు,
కొత్త కప్పు అయితే అటు.
ఇటు అయితే నా సంతకం చాలు.
అటు అయితే ప్లాను, పట్టా, పన్ను రసీదు,
కొండ జారదని ఇంజినీరు మాట,
ఆపైన పెద్దాఫీసులో ఎవరి బల్ల మీదో
ఒక వానాకాలం.

ఎవరో ఫిర్యాదు పెట్టారు,
అనుమతి లేకుండా కప్పు మారుస్తోందని.
ఎవరో ఏముంది, కింద ఇంటి చిట్టిబాబే.
ఈమె చూరు నీళ్ళు అతని గోడ మీద పడతాయి,
పదేళ్ళ తగువు.

"కప్పు ఎప్పుడు వేశారమ్మా?" అన్నాను.
ఇడ్లీ పిండి చేతులు కొంగుకి తుడుచుకుంటూ
పైకి చూసింది.
"ఏ రేకు సంగతి బాబూ?"

నిచ్చెన వేయించింది. ఎక్కాను.
పద్నాలుగు రేకులు.
ఆమె కింద నుంచి చెబుతోంది, నేను రాసుకుంటున్నాను.

మూలది కోతి దూకి పగిలింది,
కొండ మీద కోతికి ఏ ఇంటి కప్పయినా రోడ్డే.
దాని పక్కది దీపావళికి ఎవరి రాకెట్టో.
నాలుగోది, ఆయన పోయిన రోజు
టెంటు కట్టేవాళ్ళు కాలు పెట్టారు.
ఆ మూడూ వరసగా, పెద్ద వానలప్పుడు
పైనుంచి గుండు దొర్లింది.
గుండు ఇప్పటికీ పెరట్లోనే ఉంది,
దాని మీదే బట్టలు ఉతుకుతుంది.
అదిగో ఆ తెల్లది వెలుతురు రేకు,
పిల్ల పదో తరగతిలో
కరెంటు పీకేసిన నెలలో వేయించింది.
"పాసైందా?" అన్నాను,
ఫారంలో లేని ప్రశ్న.
"లెక్కల్లో తొంభై ఒకటి."

ఇలా ఏడాదికొకటి, ఒక్కోసారి అదీ లేదు,
తారు పూసి సరిపెట్టుకుంది.
ఒక్కో రేకూ మరమ్మతే.
పందొమ్మిదేళ్ళలో
మొదటి రోజు బిగించిన రేకు ఒక్కటీ మిగల్లేదు.
ఆమె ఏనాడూ కొత్త కప్పు వెయ్యలేదు.
అయినా పాత కప్పు ఎక్కడా లేదు.

డిప్లొమాలో నాకు బరువులు నేర్పారు,
గాలి ఎంత నెడుతుందో, దూలం ఎంత వంగుతుందో.
ఎన్నో రేకుతో ఇల్లు వేరే ఇల్లవుతుందో
ఏ సిలబస్సులోనూ లేదు.

రేకుల మేస్త్రీ కాశింపీరా అక్కడే ఉన్నాడు,
గుప్పిట్లో బోల్టులు, చెవి మీద పెన్సిలు.
"ఇవాళ ఒకటి బిగిస్తాను సార్,
మీరు మెట్లు దిగాక ఇంకోటి.
దేనికదే మరమ్మతు, ఏమంటారు?"
నేను నవ్వకూడదు.
నవ్వాను.

అప్పటికే బ్యారేజీ వైపు మబ్బు పట్టింది.

మర్నాడు కాగితం పట్టుకెళ్ళాను.
మరమ్మతు అన్న గడిలో టిక్కు,
చూరుకి గొట్టం పెట్టాలని ఒక షరతు,
కింద నా సంతకం,
నాకే ఇంకా అలవాటు కానిది.
రాత్రంతా కురిసింది.
నీలం టార్పాలిన్ కడుపుతో ఉన్నట్టు కిందకి దిగింది,
ఆమె చీపురు కర్రతో పైకి పొడుస్తోంది.
నీళ్ళన్నీ వెళ్ళి
చిట్టిబాబు గోడ మీదే పడ్డాయి.

చదవమంది. చదివాను.
"ఇది తడిస్తే చెల్లుతుందా బాబూ?"
తెలీదన్నాను. నిజంగానే తెలీదు.

ఇల్లంతా ఒకసారి చూసింది:
మంచం, ట్రంకుపెట్టె, మేరీమాత పటం, బియ్యం డబ్బా.
ఏది ఏ రేకు కింద ఉందో
లెక్క వేసుకుంటున్నట్టుంది.
తర్వాత ఇడ్లీ పాత్ర మూత తీసి
కాగితం నాలుగు మడతలు పెట్టి లోపల పెట్టి
మూత వేసేసింది.

తెల్లారి నాలుగింటికి తీస్తుందిగా,
మర్చిపోదు.