జిప్సం గీత

వర్తూరు చెరువు అడుగు నుంచి పీకిన గొట్టాన్ని
నిలువునా చీల్చి బల్ల మీద పరిచాక
నా పని చాకుతో.
సెంటీమీటరుకో ముక్క, ముక్కకో సంచి, సంచికో నంబరు.
పై ముక్కల్లో సబ్బు వాసన,
ఒకదాంట్లో షాంపూ పొట్లం మూల,
ఎవరి తలో, ఏ ఆదివారమో.
కిందికి పోయేకొద్దీ మట్టి నోరు మూసుకుంటుంది.

గోడ మీద ఇంకో చెరువు ఫోటో.
సముద్రాల అవతల, మాయా వాళ్ళ దేశంలోది.
అదీ ఇలాగే చీల్చిన గొట్టమే, ఇదే బురద,
మధ్యమధ్యలో తెల్లటి గీతలు.
సుగంధి మేడమ్ ప్రతి జూన్‌లో కొత్త పిల్లలకు చూపిస్తుంది:
"నీళ్ళు ఆవిరై, ఆవిరై, ఇక మొయ్యలేక
చెరువు దించేసుకున్న జిప్సం.
వాన రాని ఏళ్ళు తమ సంతకం ఇలా పెడతాయి."
నాకైతే మొదటిసారి
జ్వరం పడ్డ మనిషి పెదవుల మీద
ఉమ్మి ఆరిన చారలా తోచింది.

వాళ్ళలో చాలామందికి నది లేదట.
పడిన వానని పట్టి, గుంటల్లో దాచి,
కొన్ని నెలలు తాగి, కొన్ని నెలలు లెక్కపెట్టుకునేవాళ్ళట.
గోపురాలకు గచ్చు కావాలి,
గచ్చుకు సున్నం, సున్నానికి బట్టీ, బట్టీకి అడవి.
గోడలు తెల్లబడ్డ కొద్దీ కొండలు బోడి అయ్యాయి.
చెట్టు లేని నేల మీద దిగడానికి మబ్బు వెనకాడింది.
అంతా వాళ్ళ తప్పే కాదు,
ఆకాశం పాలు ఎంతో, గొడ్డలి పాలు ఎంతో
చదువుకున్నవాళ్ళు ఇప్పటికీ తగువులాడుతూనే ఉన్నారు.
రాజులు మాత్రం వాన తెస్తామని మాటిచ్చి
రాళ్ళ మీద పేర్లు చెక్కించుకున్నారు.
ఒక ఏటి నుంచి
ఆ రాళ్ళ మీద తేదీలు లేవు.

"మాయా వాళ్ళు మాయమైపోయారన్నమాట!"
తన మాటకి తనే నవ్వాడు ఒక కుర్రాడు.
మేడమ్ నవ్వలేదు.
"ఎక్కడికీ పోలేదు.
ఆ జొన్న రొట్టెలే కాలుస్తున్నారు,
ఆ భాషల్లోనే పిల్లల్ని తిడుతున్నారు.
ఊళ్ళు వదిలి నడిచారు, అంతే."

నడిచారు.
ఆ మాట బస్సులో నాతో పాటు నిలబడే వచ్చింది,
మారతహళ్ళి వంతెన కింద నలభై నిమిషాలు,
హూడి దాకా.

తెల్లవారుజామున నాలుగింటికి ట్యాంకరు.
మా వీధి గుండె దడ అదే, అలారం ఎవరికీ అక్కర్లేదు.
పిళ్ళప్ప గొట్టం లాగుతూ పలకరించాడు.
"ఈరోజు ఏ ఊరి నీళ్ళు?"
"మీ ఊరివే కదక్కా.
మాలూరు దాటినాక, మీ మేనమామ తోటలో బోరు.
పద్నాలుగొందల అడుగులు. మొన్న ఇంకో నూరు దించినారు.
టమాటా కన్నా నీళ్ళే మేలంటాడు మీ మామ,
పురుగు పట్టదు, ధర పడదు."

సంపు మూత దగ్గర చెప్పుల్లేకుండా నిలబడ్డాను.
మామ తోట.
ఇక్కడ కుదరకపోతే పోదామని
మనసులో ఒక మూల దాచుకున్న చోటు.
మాయా వాళ్ళు నడిచి వెళ్ళిన చోట
ఎంతో కొంత తడి ఉండే ఉంటుంది,
దాన్ని వాళ్ళు ముందే తాగేసి ఉండరు.
మేం నడవాల్సిన ఊరు
రోజుకి రెండు ట్రిప్పులుగా మా దగ్గరికే వస్తోంది,
మూత సరిగా లేక దారంతా కారుకుంటూ.

పిళ్ళప్ప వెళ్ళాడు. బిందెలు లోపల పెట్టాను.
నీలం బకెట్‌లో, నీళ్ళు ఎప్పుడూ ఆగే ఎత్తున,
చుట్టూ ఒక తెల్ల గీత.
జిప్సం కాదు, నాకు తెలుసు. ఉత్త సున్నం.
గోటితో గీకితే రాలేదు.
చాకుంటే సెంటీమీటరు కోసి
సంచిలో వేసి నంబరు రాసేదాన్ని.

చింతపండు వేసి తోమాలి, ఆదివారం.
నీళ్ళొస్తే.